ఆ 14.2 ఎక్కడిది?

బ్రహ్మోత్సవాల రోజుల్లో తిరుపతిలో కొరియరు ఏదీ వేళకు రాదు. చెన్నై ల్యాబు నుంచి రావలసిన ఆ కవరు కూడా రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది. మా విభాగంలో పదకొండు మందికి, ఒంటికి తగిలిన రేడియేషన్‌ను కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జీలున్నాయి. మూడు నెలలకొకసారి అందరి డోసులూ ఒకే కాగితం మీద అచ్చయి వస్తాయి. ఎవరి పేరు ఎదురుగా వాళ్లు సంతకం చేసి ఫైల్లో పెట్టేయడం ఇన్నేళ్లుగా అలవాటు. ఎక్కువ మందికి సున్నా ఉంటుంది, లేదంటే సున్నా పక్కన ఒక దశాంశం. ఆ రోజు నా పేరు ఎదురుగా 14.2 మిల్లీసీవర్టులు అని ఉంది. రేడియేషన్ డోసును కొలిచేది మిల్లీసీవర్టుల్లోనే. దానితో పాటు, ఈ డోసు ఎలా వచ్చిందో విచారించి జవాబు పంపాలంటూ ఒక ఫారం.

నేను ఒక ప్రైవేటు ఆసుపత్రి క్యాథ్ ల్యాబులో టెక్నీషియన్ని. గుండె రక్తనాళాల్లో అడ్డంకి ఎక్కడుందో చూడటం, అవసరమైతే స్టెంటు వేయడం ఆ గదిలో జరిగే పని. డాక్టరుగారు సన్నని తీగను నాళంలోకి పంపుతూ కాలితో పెడల్ తొక్కుతారు. తొక్కినంతసేపూ బల్ల కింది గొట్టం నుంచి ఎక్స్‌రేలు రోగి ఛాతీ గుండా పైకి వెళ్లి తెరమీద బొమ్మ కడతాయి. రోగి ఒంటికి తగిలిన కిరణాల్లో కొంత భాగం నలుదిక్కులా చెదురుతుంది. మాకు తగిలేది ఆ చెదిరిన రేడియేషనే. డాక్టరుగారి పక్కన నిలబడి తీగలూ బెలూన్లూ అందించేది నేను. మామూలు ఎక్స్‌రే గదిలోలాగా గోడ చాటుకు వెళ్లి మీట నొక్కే వీలు మాకు లేదు.

లెక్కలు చెబితే గానీ నా భయం అర్థం కాదు. రేడియేషన్‌తో పనిచేసేవారికి మన దేశంలో అణుశక్తి నియంత్రణ మండలి, మేమంతా ఏఈఆర్‌బీ అంటాం, పెట్టిన పరిమితి ఐదేళ్లకు 100 మిల్లీసీవర్టులు. అంటే సగటున ఏడాదికి 20. ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. మూడు నెలల్లో 10 దాటితే సంజాయిషీ అడుగుతారు. సామాన్య ప్రజలకైతే, సహజంగా అందేదీ వైద్యం కోసం తీసుకునేదీ కాక, ఏడాదికి 1. నేల నుంచి, ఆకాశం నుంచి, గాలి నుంచి, తిండి నుంచి ప్రతి మనిషికీ సహజంగా అందేది ప్రపంచ సగటున ఏడాదికి 2.4 ఉంటుంది. ఛాతీ ఎక్స్‌రే ఒకటి తీస్తే సుమారు 0.02. ఆ కాగితాన్ని నమ్మితే మూడు నెలల్లో నేను ఏడు వందల ఛాతీ ఎక్స్‌రేలు తీయించుకున్నట్టు. జనవరి నుంచి మార్చి దాకా 3.1, ఏప్రిల్ నుంచి జూన్ దాకా 14.2. ఏడాది సగమయ్యేసరికి 17.3.

ఆ రాత్రి బైరాగిపట్టెడలో మా ఇంట్లో అన్నం సహించలేదు. అమ్మ కనిపెట్టింది. దాచలేక చెప్పాను. "రేడియేషన్ అంటే కాన్సర్ వాళ్లకు పెట్టే కరెంటేనా?" అని అడిగింది. మా వైపు రేడియేషన్ చికిత్సను కరెంటు పెట్టడమనే అంటారు. అది కాదని, వాళ్లకిచ్చేది దీనికి వేల రెట్లు ఎక్కువని, అది కూడా కణితి ఉన్న చోటే పెడతారని చెప్పాను. "మరి నీకు ఎవరు పెట్టారు? ఎందుకు పెట్టారు?" అంది. ఆ రెండో ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. తెల్లవార్లూ ఆ మాటే చెవిలో మోగింది.

మర్నాడు ఆఫీసులో పిలిచారు. పరిపాలన చూసే ఆయన చెడ్డవాడు కాదు, తొందర మనిషి. "బ్యాడ్జి గదిలోనే మరిచిపోయానని రాసివ్వండి మేడమ్. అన్ని చోట్లా అదే రాస్తారు. కాగితం మూసేస్తారు, మీకూ ఇబ్బంది ఉండదు" అన్నారు. ఫారంలో ఆ ప్రశ్న నిజంగానే ఉంది. బ్యాడ్జిని రేడియేషన్ ఉన్న గదిలో వదిలేశారా, మరొకరు వాడారా, అది మీ మీద ఉండగా మీరు రోగిగా ఎక్స్‌రే తీయించుకున్నారా అని వరుసగా అడుగుతారు. అవునని రాస్తే, ఆ డోసు బ్యాడ్జికి తగిలిందే గానీ మనిషికి తగలలేదని తేల్చేస్తారు. పెన్ను నా చేతిలోనే ఉంది. రాయబోయాను కూడా.

ఎందుకు ఆగానంటే, బ్యాడ్జి లెక్క మూడు నెలలకు ముగిసిపోయేది కాదు. మాలో ప్రతి ఒక్కరికీ ఒక సంఖ్య ఉంటుంది. ఉద్యోగం మారినా, ఊరు మారినా అది మారదు. ముంబయిలోని భాభా అణు పరిశోధన కేంద్రం నిర్వహించే జాతీయ పట్టికలో ఆ సంఖ్య కింద మన జీవితకాలపు డోసు జమ అవుతూ ఉంటుంది. రేపు నాకేదైనా జబ్బు వస్తే వెనక్కి తిరిగి చూసుకోవడానికి ఉన్న ఒకే ఒక్క ఆధారం అది. నేను బ్యాడ్జిని ఒక్కనాడూ గదిలో వదలలేదు. వదిలానని రాస్తే ఆ ఆధారాన్ని నా చేతులతో నేనే చెరిపేసుకున్నట్టు. రెండు రోజులు గడువు అడిగాను. మా రేడియేషన్ సేఫ్టీ ఆఫీసరుకు ఫోన్ చేశాను.

ఆయన మా ఆసుపత్రిలో రోజూ ఉండరు. రేడియేషన్ చికిత్స విభాగంలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరైన మనిషి. పిలిస్తే వస్తారు. వచ్చీ రాగానే కాగితం చూడలేదు, నన్ను చూశారు.

"బ్యాడ్జి ఎక్కడ పెట్టుకుంటావమ్మా?"

మెడకు కట్టుకునే సీసపు పట్టీని, మేము థైరాయిడ్ కాలర్ అనేదాన్ని, చూపించాను. నాలుగేళ్లుగా అక్కడే క్లిప్పు పెడుతున్నాను. చేరిన మొదటి వారంలో ఒక సీనియర్ అలాగే నేర్పారు, తనిఖీకి వచ్చినవారికి కనిపించాలని. ఆపరేషన్ దుస్తులకు జేబులుండవు, సీసపు ఆప్రాన్ లోపలి జేబు చిరిగి ఎన్నాళ్లయిందో తెలియదు. బయట పెట్టుకోవడమే సులువు.

"ఛాతీ బ్యాడ్జి ఆప్రాన్ లోపల ఉండాలి. శరీరానికి ఎంత అందిందో అది కొలుస్తుంది. నువ్వు పైన పెట్టుకున్నావు. అంటే ఈ కాగితం మీద ఉన్నది నీ మొండెం డోసు కాదు" అన్నారు. నా గుండెల మీద నుంచి బరువు దిగింది. వెంటనే ఆయన తన వేలితో నా నుదుటి వైపు చూపించి, "కానీ ఇక్కడ ఆప్రాన్ లేదు కదా" అన్నారు.

ఆ పూట ఆయన నా పాత బ్యాడ్జి హోల్డరును బల్లమీద విప్పి చూపించారు. నాలుగేళ్లు మెడలో మోసిన వస్తువు లోపల ఏముందో అంత దగ్గరగా నేను ఎప్పుడూ చూడలేదు. ప్లాస్టిక్ పెట్టె తెరిస్తే, పేరూ సంఖ్యా ఉన్న పలుచని కాగితపు తొడుగు. దాని లోపల చూపుడు వేలంత పొడవున్న అల్యూమినియం కార్డు. కార్డుకు మూడు గుండ్రటి రంధ్రాలు, వాటిలో మూడు తెల్లటి బిళ్లలు. చొక్కా గుండీ కంటే కాస్త పెద్దవి, మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. టెఫ్లాన్‌లో కాల్షియం సల్ఫేట్ కలిపి చేస్తారు. ఆ కాల్షియం సల్ఫేట్‌లో కొద్దిపాటి డిస్ప్రోసియం అనే లోహం ఉంటుంది. రేడియేషన్ తగిలినప్పుడల్లా ఆ పొడి కొంత శక్తిని తనలో పట్టి ఉంచుకుంటుంది. ల్యాబులో మూడు వందల డిగ్రీలకు దగ్గరగా వేడెక్కిన నైట్రోజన్ వాయువును దాని మీదికి వదిలితే, పట్టి ఉంచుకున్నదంతా వెలుగుగా వదిలేస్తుంది. ఎంత వెలుగు వస్తే అంత డోసు. వెలుగు వదిలేశాక బిళ్లకు ఏదీ గుర్తుండదు, మళ్లీ వాడతారు.

హోల్డరులో ఒక బిళ్ల ముందు రాగి, అల్యూమినియం రేకులుంటాయి. రెండో దాని ముందు ప్లాస్టిక్. మూడో దాని ముందు ఏమీ ఉండదు, కిటికీలా తెరిచి ఉంటుంది. మూడింటి వెలుగులను పోల్చి, వచ్చినది బలమైన కిరణమా బలహీనమైనదా అని ల్యాబువాళ్లు తేలుస్తారు. ఆఫీసు బీరువాలో పెట్టి ఉంచే కంట్రోల్ కార్డు ఎందుకో కూడా అప్పుడే తెలిసింది. సహజంగా ఉండే రేడియేషన్‌ను లెక్కలోంచి తీసివేయడానికి అది. అంతకుముందు ఒకసారి ఎవరో దాన్ని తెచ్చి క్యాథ్ ల్యాబు డ్రాయరులో పెడితే ఎవరమూ పట్టించుకోలేదు. ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంటుంది.

"మా రోజుల్లో ఫిల్ము బ్యాడ్జి ఉండేది. దాన్ని ఒకచోట వదిలేస్తే లోపలి రేకుల నీడ ఫిల్ము మీద గీత గీసినట్టు పడేది. మనిషి మీద ఉంటే కదలికల వల్ల ఆ అంచులు చెదిరిపోయేవి. అబద్ధం చెబితే ఫిల్మే పట్టిచ్చేది. ఈ బిళ్లలు అది చెప్పలేవమ్మా. నీ మాటే సాక్ష్యం" అన్నారు సార్.

ఇక మిగిలింది, 3 నుంచి 14కు ఎందుకు పెరిగిందన్నది. రిజిస్టరు తెచ్చి ఏప్రిల్ ఒకటి నుంచి జూన్ ముప్పై దాకా నేను నిలబడ్డ కేసులన్నీ రాసుకున్నాను. 180 ఉన్నాయి. అంతకుముందు మూడు నెలల్లో 90 లోపే. నాతోపాటు చేసే అబ్బాయి ఏప్రిల్‌లో ఉద్యోగం మానేశాడు. ఆ ఖాళీలో మరొకరిని పెట్టలేదు, ఇద్దరి పనీ నేనే చేశాను. అంతవరకు తెలుస్తూనే ఉంది. కానీ కేసులు రెట్టింపైతే డోసు నాలుగు రెట్లు దాటకూడదు కదా. రెండోది కాగితాల్లో లేదు. స్టాఫ్ నర్సు అక్క గుర్తుచేసింది. "గంగ జాతర వారం నుంచి ఆ అద్దం గోడకే కట్టి ఉంది కదా" అంది.

క్యాథ్ ల్యాబులో సీలింగు నుంచి ఒక ఇనుప చేయికి వేలాడే సీసపు అద్దం ఉంటుంది. రోగికీ మాకూ మధ్య దాన్ని దించుకుంటే ముఖానికి, మెడకు వచ్చే రేడియేషన్ చాలావరకు ఆగిపోతుంది. తాతయ్యగుంట గంగ జాతర ముగిసే వారంలో, అంటే మే నెలలో, దాని కీలు సడలింది. ఎక్కడ నిలిపినా మెల్లగా జారి డాక్టరుగారి చేతికి అడ్డం వచ్చేది. కట్టుగుడ్డతో గోడవైపు కట్టేశాం. బాగుచేయించమని నోటిమాటగా రెండుసార్లు చెప్పాను. కాగితం మీద రాసి ఇవ్వలేదు. ఆ తప్పు నాది.

ఆదివారం కేసులు లేని పూట సార్ గదిని పరీక్షించారు. బల్లమీద రోగి ఉండే చోట ఇరవై లీటర్ల నీళ్ల డబ్బాలు రెండు పడుకోబెట్టాం. మనిషి ఒళ్లు ఎక్కువ భాగం నీరే కాబట్టి కిరణాలను దాదాపు మనలాగే చెదరగొడుతుంది. నేను నిలబడే చోట ఒక సెలైన్ స్టాండు పెట్టి, నా మెడ ఎత్తులో సర్వే మీటరు కట్టారు. అందరం కంట్రోల్ గదిలోకి వచ్చి అద్దంలోంచి చూస్తుండగా పెడల్ తొక్కారు. నిటారు కోణంలో గంటకు 0.3 మిల్లీసీవర్టులు చూపింది. గొట్టాన్ని ఎడమ ఏటవాలు కోణానికి తిప్పారు. ఆ కోణంలో బొమ్మ తీసే పలక రోగి ఎడమవైపుకు ఒరుగుతుంది, గొట్టమేమో మేము నిలబడ్డ కుడివైపుకు వస్తుంది. సూది 1.2కు లేచింది. గోడకు కట్టిన అద్దాన్ని విప్పి, అక్క చేత్తో పట్టి నిలిపే వీలు లేదు కాబట్టి తాళ్లతో బిగించి, మళ్లీ తొక్కారు. 0.1 దగ్గర ఆగింది.

ఆ మూడు అంకెలనూ నేను చేతి వెనుక రాసుకున్నాను, కాగితం వెతికే ఓపిక లేక.

తర్వాత సార్ మీటరును ఒక అడుగు వెనక్కి, మరో అడుగు వెనక్కి జరుపుతూ చూపించారు. దూరం రెట్టింపైతే డోసు నాలుగో వంతుకు పడిపోతుందని పుస్తకంలో చదివి పరీక్ష రాశాను. అంకెలు కళ్లముందు పడిపోతుంటే చూడటం వేరు. సినీ తీసేటప్పుడు, అంటే మందు ఎక్కించి వరుసగా బొమ్మలు రికార్డు చేసే కొన్ని క్షణాలు, మీటరు మామూలు కంటే ఎన్నో రెట్లు ఎగిరింది. సరిగ్గా ఆ క్షణాల్లో నేను బల్లకు ఇంకా దగ్గరగా వంగి తెర చూస్తాను. ఒక్క అడుగు వెనక్కి వేస్తే పనికి ఏ లోటూ ఉండదు.

లెక్క కట్టాం. 180 కేసులు, కేసుకు సగటున ఎనిమిది నిమిషాలు పెడల్. మొత్తం ఇరవై నాలుగు గంటలు. గంటకు సగటున అర మిల్లీసీవర్టు వేసుకున్నా 12 వస్తుంది. సినీ క్షణాలు కలిపితే 14 దగ్గరికి చేరుతుంది. బ్యాడ్జి అబద్ధం చెప్పలేదు. ఆ పరీక్షలో ఆప్రాన్ వెనుక కట్టిన, డోసు కొలిచే చిన్న డోసిమీటరు మాత్రం దాదాపు సున్నా మీదే నిలిచింది. అర మిల్లీమీటరు సీసానికి సమానమైన ఆప్రాన్ ఈ చెదిరిన కిరణాల్లో నూటికి తొంభై ఐదుకు పైగా ఆపేస్తుంది. నా ఊపిరితిత్తులు, కడుపు భద్రంగా ఉన్నాయి. నా కళ్లు లేవు.

కంటి విషయం ఎక్కువమందికి తెలియదు కాబట్టి ఇక్కడ ఆగి చెప్పాలి. కంటి కటకంలో రేడియేషన్ వల్ల వచ్చే శుక్లం వయసుతో వచ్చే దానిలా కాక, ఎక్కువగా కటకం వెనుక పొర దగ్గర మొదలవుతుంది. కంటికి ఏడాదికి 150 మిల్లీసీవర్టుల దాకా పరవాలేదని ప్రపంచమంతా చాలాకాలం అనుకున్నారు. మన నిబంధనల్లోనూ చాలాకాలం ఉన్నది ఆ సంఖ్యే. అంతకంటే తక్కువ డోసులకే శుక్లాలు కనిపిస్తున్నాయని తేలి, 2011లో అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ కమిషన్ దాన్ని సగటున ఏడాదికి 20కి తగ్గించమని చెప్పింది. నాకు మూడు నెలల్లో 14. మా ల్యాబులో సీసపు కళ్లద్దాలు ఒకే ఒక్క జత ఉండేవి, అవి డాక్టరుగారివి. టెక్నీషియన్‌కూ కళ్లుంటాయని ఎవరికీ తట్టలేదు. నాకే తట్టలేదు, ఇతరులను అని ఏం లాభం!

అదే రోజు సార్ మీటరు పట్టుకుని వరండాలోకి కూడా వచ్చారు. క్యాథ్ ల్యాబు గోడకు ఆనించి రెండు బెంచీలు ఉంటాయి. రోగుల తాలూకు మనుషులు గంటల తరబడి వాటిమీద కూర్చుంటారు. "లోపల పెద్ద ఎక్స్‌రే ఉందంట, ఇక్కడ కూర్చుంటే ఏమవుతుంది?" అని అడగని రోజు ఉండదు. ఒకసారి ఆరో నెల గర్భిణి ఒకామె భయపడి మెట్లమీదకు వెళ్లి నిలబడింది. సార్ బెంచీ మీద, తలుపు సందు దగ్గర, కంట్రోల్ గది కిటికీ దగ్గర వరుసగా కొలిచారు. గోడ అవతల ప్రజలు కూర్చునే చోట ఏడాదికి 1 మిల్లీసీవర్టు, అంటే వారానికి 20 మైక్రోసీవర్టులు (మిల్లీసీవర్టులో వెయ్యో వంతు ఒక మైక్రోసీవర్టు) మించకుండా గోడల మందం ఉండాలని నియమం. బెంచీ దగ్గర పెడల్ తొక్కినా తొక్కకపోయినా సూది ఒకేచోట ఉంది. ఆ ఉన్న కాస్త రీడింగు ఎక్కడిదని అడిగితే మీటరును కిందికి, మా వరండా గ్రానైట్ బండల మీదికి దించారు. ఒక గీత పెరిగింది. గ్రానైట్ రాతిలో సహజంగానే యురేనియం, థోరియం, పొటాషియం కొద్దికొద్దిగా ఉంటాయి. ఉమ్మడి చిత్తూరు జిల్లా అంటేనే గ్రానైట్ క్వారీలు. మన ఇళ్ల గడపలూ గుళ్ల మెట్లూ అవే రాళ్లు. ఆ గర్భిణికి ఈ మాట చెప్పగలిగితే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. పెడల్ మీద నుంచి కాలు తీయగానే గదిలో రేడియేషన్ మిగలదు, దీపం ఆర్పితే వెలుగు మిగలనట్టు.

అయోడిన్ చికిత్స సంగతి వేరు. మా పిన్నికి థైరాయిడ్ కాన్సర్‌కు అయోడిన్ 131 తాగించినప్పుడు ఆమే కొన్నాళ్లు రేడియేషన్ వచ్చే చోటయింది. ఎనిమిది రోజులకు సగమవుతుంది ఆ పదార్థం. మీటరు దూరంలో గంటకు 50 మైక్రోసీవర్టుల కంటే తగ్గాకే ఇంటికి పంపారు. ఇంట్లో చిన్నపిల్లల్ని కొన్నాళ్లు ఒళ్లో కూర్చోబెట్టుకోవద్దన్నారు. అప్పుడు ఆమెను మేమంతా అంటరానిదానిలా దూరం పెట్టామేమోనని బాధపడ్డాం. కానీ అది కొలిచి చెప్పిన దూరం, చెప్పిన రోజులు దాటగానే మనవడిని ఎత్తుకుంది.

జవాబు నేనే రాశాను. బ్యాడ్జి గదిలో వదల్లేదని, ఆప్రాన్ పైన కాలర్‌కు పెట్టుకున్నానని, అద్దం పాడైన తేదీ, కేసుల సంఖ్య, సార్ కొలిచిన అంకెలు అన్నీ రాశాను. ఈ డోసు నా తలకు, కళ్లకు తగిలిందని భావిస్తున్నానని చివర చేర్చాను. ఆఫీసులో ఆ కాగితం చదివి చాలాసేపు మాట్లాడలేదు. అద్దం సంగతి తీసేయమన్నారు. సార్ ఒక్క మాట అన్నారు: "అది తీసేస్తే కారణం మిగలదు. కారణం లేకపోతే వాళ్లే వచ్చి వెతుకుతారు." సంతకం పడింది. పది రోజుల్లో అద్దం కీలు మార్చారు. నెలకు సీసపు కళ్లద్దాలు మూడు జతలు వచ్చాయి. ఇకపై బ్యాడ్జిని ఆప్రాన్ లోపల పెట్టుకోవాలని, మార్చినవాటికి రుజువులు పంపాలని పైనుంచి తిరుగు జవాబు వచ్చింది.

చిరిగిన జేబు కుట్టించడానికి ఆప్రాన్ పట్టుకుని గాంధీ రోడ్డులో టైలరు దగ్గరకు వెళ్లబోతుంటే అక్క ఆపింది. సూది దిగితే లోపలి సీసపు పొరకు చిల్లు పడుతుంది. ఆప్రాన్‌ను మడవకూడదన్నది కూడా అందుకే. మడిచిన చోట పొర పగిలి, పైకి కనిపించని సందు పడుతుంది. లోపల వేసుకునే చొక్కాకే ఎడమవైపు గుడ్డ జేబు కుట్టించుకున్నాను. కంటి డాక్టరు దగ్గర పరీక్ష చేయించుకున్నాను. కటకం శుభ్రంగా ఉంది, ఏడాదికొకసారి చూపించుకోమన్నారు. ఈ మార్పులన్నీ జరిగాక గడిచిన మూడు నెలల కాగితం మీద నా పేరు ఎదురుగా 0.3 వచ్చింది. అమ్మకు చూపిస్తే సున్నాను ఒకటికి రెండుసార్లు తడిమి చూసింది.

ఇదంతా చేస్తుండగా మరో సంగతి నా కంటబడింది. రిజిస్టరులో కేసులు లెక్కపెట్టడానికి యంత్రంలోని పేజీలు, పాతవీ కొత్తవీ, తెరిచాను. ప్రతి కేసు ముగిశాక యంత్రం తనంతట తానే ఒక పేజీ ఇస్తుంది. పెడల్ ఎన్ని నిమిషాలు తొక్కారు, రోగి చర్మం ఉండే చోటికి ఎన్ని మిల్లీగ్రేలు అందాయి అని. ఆ చోటికి చేరిన కిరణాల శక్తిని కొలిచేది గ్రేల్లో, వెయ్యి మిల్లీగ్రేలు ఒక గ్రే. మేము దాన్ని చూడకుండానే తర్వాతి రోగి పేరు కొట్టేవాళ్లం. పనివాళ్లమైన మాకు బ్యాడ్జి ఉంది, పరిమితి ఉంది, దాటితే ముంబయి దాకా ఉత్తరాలు నడుస్తాయి. రోగికి బ్యాడ్జి లేదు. పరిమితి కూడా లేదు. ఉండకూడదు కూడా, ప్రాణం నిలపడానికి ఎంత అవసరమైతే అంత వాడాల్సిందే. కానీ వాడినది ఎంతో రోగికి ఇచ్చే కాగితంలో ఉండాలి కదా. ఎక్కడా లేదు.

చాలా కేసుల్లో ఒక గ్రే లోపు, కొన్నింటిలో రెండు దాకా ఉన్నాయి. ఒకటి దగ్గర ఆగిపోయాను. 4.8 గ్రే. పుత్తూరు దగ్గర పల్లె నుంచి వచ్చిన రైతు. పూర్తిగా మూసుకుపోయిన నాళం, రెండు గంటలకు పైగా పట్టింది. స్టెంటు చక్కగా పడింది, నడుచుకుంటూ ఇంటికి వెళ్లారు. చర్మం మీద ఒకేచోట 2 గ్రేలు దాటితే ఎర్రబడే వీలుంది. 3 దాటితే రోగికి చెప్పాలి, 5 దగ్గరికి వస్తే వీపు చూస్తూ ఉండాలి అని ఈ రంగంలో పెద్దలు గీసుకున్న గీతలు. కేసు జరిగి అప్పటికి వారమే. అంతకుముందు మరో చోట ఒకసారి యాంజియోప్లాస్టీ జరిగిందని ఫైలులో ఉంది. అప్పుడెంత అందిందో ఏ కాగితంలోనూ లేదు. అదే చర్మం మీద పడిందో లేదో కూడా చెప్పలేం.

డాక్టరుగారికి చూపించాను. ఆయన పేజీని ఒకసారి చదివి, వెంటనే ఫోన్ చేయమన్నారు. ఆ ఇంటి ఇల్లాలు ఎత్తింది. "అక్కా, అన్న వీపు కుడివైపున, రెక్క ఎముక కింద, అరచేతి వెడల్పు చోట ఏమైనా ఎర్రగా ఉందా చూస్తారా?" అని అడిగాను. ఎడమ ఏటవాలు కోణంలో కిరణం లోపలికి దిగేది అక్కడే. ఆమె పెరట్లోకి పిలిచి చూసినట్టుంది, కోళ్ల అరుపులు వినిపించాయి. ఏమీ లేదంది. ఇంకో రెండు మూడు వారాలు చూస్తూ ఉండమని, ఎర్రబడినా దురద పెట్టినా గోకవద్దని, పసర్లు పూయవద్దని, నేరుగా మా దగ్గరికే రమ్మని చెప్పాను. వేరే డాక్టరు దగ్గరికి వెళ్తే గుండె పరీక్షలో ఎక్స్‌రే వాడిన చోటని తప్పక చెప్పమన్నాను. ఆ మాట తెలియకపోతే దాన్ని తామర అనో ఒరుపు అనో అనుకుని మందులు మారుస్తూ పోతారు.

ఆ వారం నుంచి మా డిశ్చార్జి కాగితంలో కింద ఒక వరుస చేరింది. తేదీ, నిమిషాలు, గ్రేలు. రోజూ జరిగే కేసులకు నేనే రాస్తాను. డాక్టరుగారు సంతకానికి ముందు ఆ వరుస ఖాళీగా ఉంటే తిప్పి పంపుతున్నారు. ఆ రైతుకు పాత కాగితం మీద రాసి పోస్టులో పంపాం.

నాలుగో వారంలో ఆయన భార్యే ఫోన్ చేసింది. వీపు బాగానే ఉందని, రోజూ స్నానం చేయించేటప్పుడు చూస్తున్నానని చెప్పింది. తర్వాత కాస్త ఆగి, "మీరు పంపిన ఆ కాగితం వానకు తడిసిపోయిందమ్మా. అందులో అంకె మళ్లీ చెబుతారా? పాప రాసుకుంటుంది" అంది. రిజిస్టరు తెరిచి చదివాను. అవతల బడికి వెళ్లే పిల్ల గొంతు అక్షరం అక్షరం పలుకుతూ రాసుకుంది. "నాలుగు పాయింట్ ఎనిమిది. గ్రే. అంతేనా అక్కా?"

"తేదీ కూడా రాసుకోమ్మా" అన్నాను. చెప్పాను, రాసుకుంది.